నాడి నుంచి నాడె దాకా

సంకేతాలను చదివి అర్థం విప్పే పండితుణ్ణి ఇవాళ సంకేతశాస్త్రవేత్త అంటున్నాం. పేరు కొత్తదే, పని పాతది. గ్రీకులో ‘సేమెయోన్’ అంటే గుర్తు. ఒంటి మీది గుర్తుల్ని బట్టి లోపలి రోగాన్ని పసిగట్టే వైద్యుడిదే మొదట ఈ విద్య. 1690లో జాన్ లాక్ ఆ మాటను తత్త్వశాస్త్రంలోకి తెచ్చాడు. అమెరికాలో తత్త్వవేత్త పర్స్ దాన్ని పెంచాడు. జెనీవా భాషాశాస్త్ర ఆచార్యుడు సొస్యూర్ పాఠాలు ఆయన పోయిన మూడేళ్లకు, 1916లో, అచ్చయ్యాయి. శబ్దానికీ అర్థానికీ మధ్య ముడి పుట్టుకతో వచ్చింది కాదు, సమాజం వేసిందేనన్నాడాయన. 1967లో ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ బట్టల ఫ్యాషన్‌నే ఒక భాషగా చదివాడు.

మాట అర్థాన్ని ఎలా ఇస్తుందో చెప్పే సిద్ధాంతాలు మనకూ ఉండనే ఉన్నాయి: భర్తృహరి స్ఫోటం, తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడి ధ్వని. పైగా మన చదువు మాటలే మగ్గం దగ్గరివి: సూత్రమంటే దారం, తంత్రమంటే పడుగు.

ఆ మగ్గం మాటల్ని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా ఏర్చి కూర్పించగా, చేనేత వృత్తి పదకోశం 1971లో వెలువడింది. ఆ మాటలు పలికే నేతకారులు పద్మశాలీలు మాత్రం బతుకుదెరువుకు తెలంగాణ పల్లెలు వదిలి బొంబాయి, షోలాపూర్, భీవండి బాట పట్టారు. భీవండిలో పద్మానగర్ వాళ్ల పేట అయింది. 1982 జనవరిలో మొదలైన బొంబాయి మిల్లుల సమ్మె తర్వాత నేతపని మరమగ్గాల వైపు మరింతగా మళ్లింది.

మరమగ్గం పుస్తకం మాట. తెలంగాణలో మరమగ్గాల ఊరు సిరిసిల్లలో అడగండి, ‘సాంచె’ అంటారు. హిందీలో సాంచా అంటే మూస, గుజరాతీలో సంచో అంటే యంత్రం. మూసకు తెలుగులో ‘అచ్చు’ అనీ పేరుంది, మగ్గం మీద అదే అచ్చు పడుగు పోగులు దూరే పలకల వరస. ఊరు మారితే సొస్యూర్ చెప్పిన ముడి ఎలా విడి మళ్లీ పడుతుందో చూడటానికి ఇంతకన్నా ఏం కావాలి?

నాడి పట్టుకుని వైద్యుడు రోగం చెప్పినట్టే, పేక నూలుతో అటూ ఇటూ పరుగెత్తే నాడె దెబ్బలో తేడా విని సాంచె జబ్బు చెబుతాడు కార్మికుడు. 1971 పదకోశం పక్కన ఇప్పుడు అతని మాటల సంపుటం కూడా చేరాలి.