పెదవి ముందా? పలుకు ముందా?

తెరమీద మనిషి నోరు మూశాక మాట వినిపిస్తే ఎంత చిరాకో మీకు తెలుసు. ఈ చిక్కు కంప్యూటర్లతో పుట్టినది కాదు. నేటి కోల్‌కతా, నాటి కలకత్తా స్టూడియోలు 1930లలోనే దీనితో కుస్తీ పట్టాయి.

అక్కడి ఈస్టిండియా ఫిలిం కంపెనీ సి. పుల్లయ్య దర్శకత్వంలో 1933లో 'సతీ సావిత్రి', 1934లో 'లవకుశ' తెలుగులో తీసింది. అప్పట్లో నటులే కెమెరా ముందు పాడేవారు. బొమ్మా, ధ్వనీ ఒకే క్షణంలో నమోదయ్యేవి కనుక జత కుదర్చడం కొంత తేలిక. కాని నటుడు మైకును విడిచి కదలలేడు!

1935లో న్యూ థియేటర్స్ వారి బెంగాలీ చిత్రం 'భాగ్యచక్ర'లో పాటను ముందే రికార్డు చేసి, చిత్రీకరణప్పుడు వినిపిస్తూ నటులచేత పెదవులు కదిలింపజేశారు. దర్శకుడు నితిన్ బోస్. శబ్దగ్రహణం ఆయన సోదరుడు ముకుల్ బోస్. మనదేశంలో నేపథ్యగానానికి నాంది ఇదేనంటారు. నటులకు స్వేచ్ఛ దొరికింది, జత కుదర్చే బరువు యంత్రాలమీద పడింది. చిన్న లెక్క చూడండి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. ఒక్క బొమ్మ కాలంలో ధ్వని గాలిలో సుమారు 14 మీటర్లే పోగలదు. లౌడ్‌స్పీకరు అంత దూరంలో ఉంటే పెదవులు పాటకంటే ఒక బొమ్మ వెనుకబడతాయన్నమాట.

చిత్రం పూర్తయ్యాక మరో గండం. ప్రొజెక్టరులో ఫిల్ము బొమ్మల కిటికీ దగ్గర ఆగి ఆగి కదులుతుంది. ధ్వని చదివే చోట మాత్రం నిలకడగా సాగాలి. అందుకే 35 మి.మీ. ఫిల్ముపై ధ్వనిని 20 బొమ్మల ముందుగా ముద్రిస్తారు. నడుమ ఫిల్మును రెండు బొమ్మల మేర వదులుగా చుడితే మాట ఆలస్యమవుతుంది. అప్పుడు తప్పు ఫిల్ముదా, ప్రొజెక్టరుదా?

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రివ్యూలోనూ ఇదే ప్రశ్న. కంప్యూటరు వేగం చాలనప్పుడు సాధారణంగా ధ్వనిని నడిపిస్తూ కొన్ని బొమ్మలను వదిలేస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ధ్వనిని సెకనులో పదో వంతుకు పైగా ఆలస్యం చేయడమూ మామూలే. అది చూసి మీరు ధ్వనిని ముందుకు జరిపారనుకోండి, బాగున్న వీడియో చెడుతుంది. పైగా చెడ్డవైపు చెడుతుంది. చెరువు అవతలి గట్టున బట్టలుతుకుతుంటే బట్ట బండను తాకాకే చప్పుడు వస్తుంది కదా! ఆలస్యానికి మనం అలవాటుపడ్డాం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1998లో ఇచ్చిన సిఫారసు ప్రకారం ధ్వని 125 మిల్లీసెకన్లు వెనుకబడితేగాని మనం గుర్తించం. ముందు వస్తే 45కే పట్టేస్తాం.

కనుక చెవిని నమ్మకండి. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ప్రివ్యూను రెండర్ చేసి చూడండి. క్లాప్‌బోర్డు మూసుకున్న బొమ్మ ఎదుటే ధ్వనిరేఖలో శిఖరం ఉంటే దేన్నీ కదపనక్కరలేదు. లేకుంటే చివర కూడా చూడండి. తేడా మొదటా చివరా ఒకటే అయితే ధ్వనిని అంతమేర జరిపితే చాలు. పెరుగుతూ పోతుంటే వేగంలోనే లోపం: 23.976 బొమ్మల వీడియోను 24 వేగంతో నడిపితే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది.