పెట్టె ఇక్కడ, పెత్తనం అక్కడ

ఈ రోజుల్లో కాస్త పెద్ద కాలేజీలోకో, ఆసుపత్రిలోకో, హోటల్లోకో వెళ్ళి తల ఎత్తి చూస్తే, పైకప్పుకు అంటుకుని జానెడు వెడల్పున తెల్లటి పెట్టె ఒకటి కనిపిస్తుంది. చిన్న దీపం, వెనక ఒకే ఒక్క తీగ. కరెంటూ ఇంటర్నెట్టూ ఆ తీగలోంచే వస్తాయి. అదే వైఫై యాక్సెస్ పాయింట్. పెట్టె మన కళ్ళముందే ఉన్నా దాని మీద పెత్తనం చాలాసార్లు మన ఊళ్ళో ఉండదు. పాస్‌వర్డ్ మార్చేదీ, ఎవరికి ఎంత వేగం ఇవ్వాలో నిర్ణయించేదీ, అర్ధరాత్రి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేదీ విశాఖపట్నంలోనో బెంగళూరులోనో కూర్చున్న మనిషి. ఆ మనిషి చూసే తెర నడిచేది ఇంకెక్కడో ఉన్న సర్వర్ల మీద. దీన్నే క్లౌడ్ అంటున్నాం. సోంపేట, పలాస, టెక్కలి లాంటి చోట్ల ఒక కాలేజీయో జీడి పరిశ్రమో ఈ పెట్టెలు కొనాలనుకుంటే అమ్మేవాడు మొదట చెప్పేది వేగం గురించే. నా మట్టుకు నేను మొదట దీని పుట్టుక చూడమంటాను. ఏ అవసరంలోంచి ఏ భాగం వచ్చిందో తెలిస్తే, మనకు ఏది అక్కర్లేదో కూడా తెలుస్తుంది.

కథ సముద్రం దగ్గరే మొదలైంది. హవాయి విశ్వవిద్యాలయం ఒక్క దీవి మీద లేదు. పెద్ద కంప్యూటర్ ఓవాహు దీవిలో ఉంది, వాడుకోవాల్సిన కళాశాలలు వేరే దీవుల్లో ఉన్నాయి. నార్మన్ అబ్రామ్‌సన్ బృందం టెలిఫోన్ తీగల జోలికి పోకుండా రేడియో పట్టుకుంది. 1971లో పని మొదలుపెట్టిన ఆ వలకు అలోహానెట్ అని పేరు. అందరికీ ఒకే రేడియో చానెల్. ఎవరికి ఎప్పుడు సమాచారం ఉంటే వాళ్ళు అప్పుడే పంపేస్తారు. అవతలి నుంచి అందినట్టు జవాబు రాకపోతే, మరొకరిది తనదాన్ని ఢీకొట్టిందని అనుకుని కాసేపు ఆగి మళ్ళీ పంపుతారు. ఆ ఆగే సమయం ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉండాలి, లేకపోతే మళ్ళీ ఢీకొంటారు. ఈ పద్ధతిలో చానెల్ సామర్థ్యంలో మహా అయితే 18 శాతమే పనికొస్తుందని అబ్రామ్‌సన్ లెక్క కట్టాడు. సంతలో అందరూ ఒకేసారి కేకేస్తే ఎవరి మాటా వినపడనట్టే. ఆ తర్వాత పద్ధతులు ఎంతో మెరుగుపడ్డాయి గానీ అసలు ఇబ్బంది అలాగే ఉంది. గాలి అందరిదీ. అందరిదీ అయినచోట ఎవరో ఒకరు సర్దిచెప్పాలి. క్లౌడ్ దాకా సాగిన ఈ ప్రయాణమంతా ఆ సర్దిచెప్పే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు వెతుక్కున్న జవాబే.

1985లో అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ కొన్ని రేడియో పట్టీలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. అందులో 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి. మైక్రోవేవ్ పొయ్యిలు రొద చేసే పట్టీ కాబట్టి దాన్ని ఎవరూ పెద్దగా కోరుకోలేదు. దుకాణాల్లో బిల్లు కొట్టే యంత్రాలు తయారుచేసే ఎన్‌సీఆర్ కంపెనీకి మాత్రం ఈ వెసులుబాటు అక్కరకొచ్చింది. గల్లాపెట్టె జరిపినప్పుడల్లా గోడలు తవ్వి తీగలు వేయనక్కర్లేదు. నెదర్లాండ్స్‌లోని ఆ కంపెనీ ఇంజనీర్లు వేవ్‌లాన్ తయారుచేశారు. వాళ్ళలో ఒకడైన విక్ హేస్ ఐఈఈఈ 802.11 సంఘానికి అధ్యక్షుడిగా ఏళ్ళ తరబడి కంపెనీల మధ్య రాజీలు కుదిర్చాడు. 1997లో మొదటి ప్రమాణం వచ్చింది. వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో అది 11 అయింది, వైఫై అన్న పేరూ అప్పుడే పుట్టింది.

అప్పటి యాక్సెస్ పాయింట్ ఒంటరిది. దాని బుద్ధి దానిదే. చానెల్, శక్తి, పాస్‌వర్డ్ అన్నీ ఒక్కొక్క పెట్టె దగ్గరకూ వెళ్ళి చేత్తో పెట్టాలి. 1990ల్లోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ప్రాంగణమంతా వైర్‌లెస్ పరిచే పని చేపట్టింది. అలెక్స్ హిల్స్ నడిపించిన ఆ పనిలో ఇంజనీర్లు కొలత పరికరాలను తోపుడుబండి మీద పెట్టుకుని గది గదికీ తిరిగి సిగ్నల్ చూసుకునేవారు. నాలుగు పెట్టెలకైతే సరే, నాలుగు వందలకు అదెలా సాధ్యం? పైగా 2001లో, అప్పటి రహస్య లిపి డబ్ల్యూఈపీని ఛేదించే దారి ఫ్లూరర్, మాంటిన్, షమీర్ లోకానికి చూపించారు. అంటే ప్రతి పెట్టెనూ మళ్ళీ తెరిచి సరిచేయాలి.

ఆ బెడదలోంచి 2001, 2002లలో ఎయిర్‌స్పేస్, అరూబా లాంటి కంపెనీలు పుట్టుకొచ్చాయి. పెట్టెల్లోని తెలివి తీసేసి సర్వర్ గదిలోని ఒక్క కంట్రోలర్‌లో పెట్టారు. పెట్టెలన్నీ దాని మాట వింటాయి. పక్కపక్క పెట్టెలకు 1, 6, 11 చానెళ్ళు పంచేదీ, ఒకటి పాడైతే పక్కదాని శక్తి పెంచేదీ అదే. ఎయిర్‌స్పేస్‌ను 2005లో సిస్కో 45 కోట్ల డాలర్లకు కొన్నది. అరూబాను స్థాపించినవారిలో ఒకరైన కీర్తి మేల్కోటే తర్వాత దాన్ని ఏళ్ళ తరబడి నడిపించారు. 2015లో అది హెచ్‌పీ చేతికి వెళ్ళింది. ఈ ఏర్పాటు విశ్వవిద్యాలయాలకూ పెద్ద కార్యాలయాలకూ బాగా కుదిరింది. ఇరవై గదుల కాలేజీకి కుదరలేదు. లక్షలు పోసి కంట్రోలర్ కొనాలి, దానికి చల్లటి గది కావాలి, దాన్ని చూసుకోవడానికి చదువుకున్న మనిషి కావాలి.

మూడో మలుపు డబ్బున్నవాళ్ళ దగ్గర పుట్టలేదు. ఎంఐటీలో రూఫ్‌నెట్ అనే పరిశోధన జరిగింది. కేంబ్రిడ్జ్ ఊళ్ళో స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ళ ఇంటికప్పుల మీద యాంటెన్నాలు పెట్టి, ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకు ఇంటర్నెట్ దాటించారు. ఆ పనిచేసిన సంజిత్ బిశ్వాస్, జాన్ బికెట్, హన్స్ రాబర్ట్‌సన్‌తో కలిసి 2006లో మెరాకీ పెట్టారు. ఎవరెవరి ఇళ్ళ మీదో చెల్లాచెదురుగా ఉన్న పెట్టెలకు కంట్రోలర్ గది ఎక్కడ పెడతారు? అందుకే ఇంటర్నెట్‌లోనే పెట్టారు. అతిథి గృహాలకూ బడులకూ దుకాణాల గొలుసులకూ అదే నచ్చింది. 2012లో సిస్కో ఆ కంపెనీని 120 కోట్ల డాలర్లకు తీసుకుంది. అక్కణ్ణించి మిగతా కంపెనీలన్నీ అదే దారి పట్టాయి.

ఇదే అవసరం దాదాపు అదే కాలంలో మన పల్లెల్లోనూ తలెత్తింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2005 జనవరిలో ప్రకటించింది. ఆ రోజుల్లో బైర్రాజు ఫౌండేషన్ భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి గ్రామాలకు వైఫైతో దూర లంకెలు వేసింది. ఆ పథకం పేరు అశ్విని. ఊళ్ళో స్తంభం, దాని మీద పక్క ఊరి వైపు గురిపెట్టిన యాంటెన్నా, కింద కేంద్రంలో తెర ముందు పట్నం డాక్టరుతో మాట్లాడే రోగి, పాఠం వినే పిల్లలు. గది కోసం పుట్టిన సాంకేతికతను కిలోమీటర్ల దూరానికి సాగదీయడంలో అప్పట్లో ఐఐటీ కాన్పూర్‌లో ఉన్న భాస్కరన్ రామన్, చేబ్రోలు కామేశ్వరి చేసిన పరిశోధన ముఖ్యమైనది. వాళ్ళ పత్రాల్లో అశ్విని అనుభవం కూడా ఉంది. వైఫై చరిత్ర రాసేవాళ్ళు భీమవరం పేరు ఎత్తకపోవడం నాకు కష్టంగానే ఉంటుంది.

తమిళనాడులో అరవింద్ కంటి ఆసుపత్రి తేని వైపు పల్లెల్లోని కంటి కేంద్రాలను ఇలాగే కలిపింది. అక్కడ బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ బ్రూవర్ బృందం పనిచేసింది. ఏళ్ళ తరబడి ఆ వలలను బతికించుకోవడంలో నేర్చుకున్నదంతా 2008లో ఒక పత్రంగా రాశారు. మన శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో పెట్టెలు పెట్టే ప్రతివాళ్ళూ ఆ పత్రం చదవాలి. రేడియోలు వాటంతట అవి పాడైన సందర్భాలు తక్కువ. నాణ్యత లేని కరెంటే పెద్ద శత్రువు. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి అడాప్టర్లు కాలిపోతాయి, పడిపోయినప్పుడు పెట్టె సగం మేలుకుని బిగుసుకుపోతుంది, రాస్తుండగా కరెంటు పోతే మెమరీ చెడుతుంది. చెడిపోయినప్పుడు ఏం చెడిందో చెప్పగల మనిషి అక్కడ ఉండడు. బయటి నుంచి లోపలి పెట్టెను పిలిచే దారీ ఉండదు. అందుకని వాళ్ళు పెట్టెకే ఒక అలవాటు నేర్పారు. అదే బయటకు లంకె తెరుచుకుని, దూరంలో ఉన్న సర్వర్‌కు తన ఆరోగ్యం తానే చెప్పుకుంటుంది. అదే దారిలో ఇంజనీరు లోపలికి వెళ్ళి బాగుచేస్తాడు. నేటి క్లౌడ్ పెట్టెలు చేస్తున్నదీ సరిగ్గా ఇదే.

ఈ నేపథ్యంతో మన తీరానికి వద్దాం. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగడం దాని పద్ధతి. ఖర్చు తగ్గింది, ఊళ్ళకు తొందరగా చేరింది. పది నెలలు తిరక్కుండానే, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140, 150 కిలోమీటర్ల గాలితో పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు కూలాయి. కరెంటు స్తంభాలు వేలల్లో పడ్డాయి. స్తంభం పడితే దాని మీది తీగలన్నీ పడతాయి. తీగ అక్కర్లేని దారి కూడా అప్పుడే తెరుచుకుంది. 5 గిగాహెర్ట్జ్ పట్టీని ఆరుబయట కూడా లైసెన్సు లేకుండా వాడుకోనిస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది ఆ నెలలోనే. ఒకే ప్రాంగణంలోని రెండు భవనాలను, గోదామునూ ఆఫీసునూ తీగ లేకుండా కలుపుకోవడానికి ఇది ఇవాళ మంచి దారి. అయితే మధ్యలో తోట ఉండకూడదు. నీరు నిండిన ఆకులు ఆ తరంగాలను మింగేస్తాయి. ఉద్దానంలో యాంటెన్నా కొబ్బరి మట్టల పైనుంచి చూడాలి.

కాబట్టి ఇక్కడి సంస్థ అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇంటర్నెట్ తెగిన రోజున ఈ పెట్టె ఏం చేస్తుందని. మామూలుగా క్లౌడ్ గుండా వెళ్ళేది ఆజ్ఞలే గానీ మన సమాచారం కాదు. ఒక గదిలోంచి పక్క గది ప్రింటర్‌కు వెళ్ళే కాగితం సింగపూర్ చుట్టి రాదు. క్లౌడ్ అందకపోయినా పెట్టె పాత ఆజ్ఞలతోనే నడుస్తుంది. లాగిన్ మాత్రం వేరు. పేరూ పాస్‌వర్డూ సరిచూసేది క్లౌడ్‌లోనే ఉంటే, లంకె తెగిన క్షణం నుంచి కొత్తగా ఎవరూ లోపలికి రాలేరు. ఆసుపత్రిలో ఇది ప్రాణాల మీదికి రావచ్చు. వైద్యుల, నర్సుల యంత్రాలు లోపలి సర్వర్ మీదే లాగిన్ అయ్యేలా, అతిథుల వైఫై మాత్రమే క్లౌడ్ మీద ఆధారపడేలా రెండుగా విడదీయమనాలి.

రెండోది లైసెన్సు. కొన్ని కంపెనీల పెట్టెలు ఏటా కట్టే రుసుము ఆగిపోతే, ఇచ్చిన గడువు దాటాక పనిచేయడమే మానేస్తాయి. కొన్ని నడుస్తాయి గానీ తెర కనిపించదు. అరూబా ఇన్‌స్టంట్ ఆన్ లాంటివాటికి నెలసరి రుసుము లేదు. యూనిఫై, ఒమాడా లాంటివాటిలో కంట్రోలర్‌ను మన దగ్గరే చిన్న పెట్టెలో ఉంచుకుని, దూరం నుంచి చూడటానికి మాత్రం క్లౌడ్ వాడుకోవచ్చు. ఈ తీరానికి ఆ మధ్యే మార్గమే తగినదని నా అభిప్రాయం. ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో, ఆసుపత్రిలో ఈ ఏడు వచ్చిన డబ్బు వచ్చే ఏడు వస్తుందన్న భరోసా ఉండదు. అక్కడ రుసుముతో ప్రాణం ముడిపడిన పరికరం కొనడం తప్పు. ఒకవేళ కొన్నా, ఐదేళ్ళ రుసుము ముందే ధరలో కలిపి లెక్క చూడాలి.

వేగం గురించి అమ్మేవాడు ఎంత చెప్పినా, బయటి నుంచి వచ్చే ఫైబర్ వేగాన్ని మించి ఇంటర్నెట్ రాదు. వైఫై 6 చాలు. మిగిలిన డబ్బు కరెంటు మీద పెట్టండి. పెట్టెలన్నిటికీ విడివిడి అడాప్టర్లు కాకుండా, తీగలోనే కరెంటు పంపే ఒకే స్విచ్, దాని వెనక మంచి యూపీఎస్, ఎర్తింగ్, పిడుగు నుంచి కాపాడే సర్జ్ అరెస్టర్ ఉండాలి. తీగలో కరెంటు పంపే ఈ పద్ధతికి 2003లో ప్రమాణం వచ్చింది. అందులో ఒక్కో తీగకు ఇచ్చేది 15 వాట్లు మాత్రమే. కొత్త పెట్టెల్లో చాలావాటికి 2009 నాటి 30 వాట్ల ప్రమాణం కావాలి కాబట్టి పాత స్విచ్ సరిపోతుందో లేదో చూసుకోవాలి. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట ఆరుబయటి రకమే వాడాలి.

ఎవరు లోపలికి వచ్చారన్న లెక్క కూడా ముఖ్యమే. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళ వేళ వచ్చిన బెదిరింపు మెయిల్, నవీ ముంబైలో ఎవరో తాళం వేయకుండా వదిలేసిన వైఫై గుండా వెళ్ళింది. ఆ తర్వాతే టెలికాం శాఖ వైఫైకి కట్టుదిట్టాలు పెట్టింది. రైల్వే స్టేషన్‌లో ఫోన్‌కు ఓటీపీ వచ్చాకే వైఫై తెరుచుకోవడం వెనక ఆ జాగ్రత్తే ఉంది. 2022లో సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. మన పెట్టెల క్లౌడ్ ఎక్కడుందో, ఆ లాగ్‌లు మన దేశంలో మన చేతికి అందుతాయో లేదో కొనేముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఖాతా సంస్థ పేరు మీదే ఉండాలి. బిగించిన కుర్రాడి సొంత మెయిల్ మీద ఉంటే, అతను ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్ళిన రోజున పెత్తనమూ అతనితోపాటే వెళ్తుంది.

డబ్బు కట్టేముందు అమ్మేవాణ్ణి ఒక పూట రెండు పెట్టెలు తెచ్చి బిగించమనండి. అతని ఎదురుగానే బయటి ఇంటర్నెట్ తీగ పీకండి. లోపలి ప్రింటర్ కదులుతోందా, కొత్త ఫోన్ లాగిన్ అవుతోందా చూడండి. తర్వాత మెయిన్ స్విచ్ ఆపి, పది నిమిషాలాగి వేయండి. ఎవరూ నిచ్చెనెక్కకుండానే పెట్టెలు వాటంతట అవి తేరుకుని, విశాఖలో ఉన్న అతని మనిషి తెర మీద ఆకుపచ్చగా కనిపిస్తే అప్పుడు ధర మాట్లాడండి.