శ్రీచరణి, నల్లపురెడ్డి

నల్లపురెడ్డి శ్రీచరణి (జననం 2004 ఆగస్టు 4) భారత మహిళా క్రికెట్ జట్టులో ఎడమచేతి వాటం స్పిన్నర్. స్వస్థలం కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలంలోని ఎర్రమల్లె. 2024 డిసెంబరు దాకా ఆంధ్ర మహిళా క్రికెట్‌ను దగ్గరగా గమనించేవాళ్లకు తప్ప ఈ పేరు ఎవరికీ పెద్దగా తెలియదు. 2025 నవంబరు 2 రాత్రి నవీ ముంబయిలో భారత్ తొలిసారి మహిళల వన్డే ప్రపంచకప్ గెలిచేసరికి, ఆ టోర్నీలో దీప్తి శర్మ తర్వాత మన జట్టులో ఎక్కువ వికెట్లు తీసిన బౌలర్ ఆమే. ఈ రెండు తేదీల మధ్య ఏడాది కూడా గడవలేదు.

ఊరు, కాలనీ

వేంపల్లె నుంచి ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు వెళ్లే దారిలో వీరపునాయునిపల్లె వస్తుంది. ఒక పక్క పులివెందుల ప్రాంతం, మరో పక్క ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు. శ్రీచరణి తండ్రి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో చిరుద్యోగి. జనం నోట ఆర్టీపీపీగా నలిగిన ఈ కేంద్రం ముద్దనూరు, ఎర్రగుంట్ల మధ్య కలమల్ల దగ్గర ఉంది. 1994లో తొలి యూనిట్ కరెంటు ఉత్పత్తి మొదలుపెట్టింది. తర్వాత ఒక్కొక్కటిగా యూనిట్లు చేరి సామర్థ్యం 1,650 మెగావాట్లకు పెరిగింది. నీళ్లు జమ్మలమడుగు దగ్గరి మైలవరం జలాశయం నుంచి వస్తాయి.

వానకు మొహం వాచిన ఈ ప్రాంతంలో థర్మల్ కాలనీ లాంటి చోటు పిల్లలకు ఎంత మేలు చేసిందో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఉద్యోగుల క్వార్టర్లు, స్కూలు, ఆడుకోవడానికి జాగా, ఆటల మాస్టారు అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే ఉంటాయి. పల్లెలో ఉండే ఆడపిల్లకు సాయంత్రం ఆరు తర్వాత గ్రౌండులో ఉండటమే పెద్ద సమస్య. కాలనీ పిల్లలకు ఆ ఇబ్బంది తక్కువ. శ్రీచరణి స్కూల్లో పరుగు పందేల్లో, ఖోఖోలో, బ్యాడ్మింటన్‌లో ముందుండేది. క్రికెట్ చిన్నప్పుడు ఇంటి దగ్గర మేనమామతో ఆడిన ఆట. దాన్ని గట్టిగా పట్టుకున్నది మాత్రం పదో తరగతి చదివే వయసు వచ్చాకే. ఆమెలోని క్రీడాకారిణిని మొదట గుర్తించి ముందుకు తోసింది స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడు. తల్లి, మేనమామ మొదటి నుంచీ ఆమె పక్షమే. తండ్రి వెంటనే ఒప్పుకోలేదు. ఆయనకు నచ్చజెప్పడానికి చాలాకాలం పట్టిందని శ్రీచరణే తర్వాత చెప్పింది.

పేస్ నుంచి స్పిన్‌కు

ఆమె మొదట వేసింది ఫాస్ట్ బౌలింగ్. అథ్లెటిక్స్ నుంచి వచ్చిన పిల్లకు రనప్ తీసుకుని విసురుగా బంతి వెయ్యాలనిపించడం సహజం. అయితే ఆశించినన్ని వికెట్లు పడలేదు. దాంతో స్పిన్‌కు మారింది. ఆమె కెరీర్‌లో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చిన్నతనం నుంచి స్పిన్ వేసినవాళ్లకు అలవడే వేళ్ల పట్టు, గాల్లో బంతిని ఆపి దింపే ఓర్పు ఆమె కౌమారం చివర్లో నేర్చుకోవాల్సి వచ్చింది. పేస్ బౌలింగ్ ఇచ్చిన లాభమూ ఉంది. బంతి వదిలేటప్పుడు ఆమె భుజం పూర్తిగా తిరుగుతుంది, శరీరం బ్యాటర్ వైపు బలంగా కదులుతుంది. అందుకే నెమ్మదిగా వేసిన బంతి కూడా పిచ్ మీద పడ్డాక చచ్చుబడకుండా లేస్తుంది.

ఎడమచేతి వాటం వేలి స్పిన్నర్ వేసిన బంతి కుడిచేతి బ్యాటర్‌కు కాళ్ల వైపు పడి ఆఫ్ స్టంపు వైపు వెళుతుంది. బ్యాటర్ దాన్ని వెంటాడితే అంచు తగిలి కీపర్‌కో స్లిప్‌కో పోతుంది. ముందుకొచ్చి అందుకోలేకపోతే స్టంపౌట్. ఇలా నాలుగైదు బంతులు తిప్పాక, అదే చేతి కదలికతో, అదే వేగంతో, తిరగని బంతి ఒకటి వస్తుంది. బ్యాటర్ తిరుగుతుందనుకుని బ్యాటు బయటికి ఆడిస్తుంది, బంతి నేరుగా వచ్చి ప్యాడును కొడుతుంది. ఈ రెండో బంతి లేని ఎడమచేతి స్పిన్నర్‌ను పెద్ద జట్లు రెండు మ్యాచుల్లోనే చదివేస్తాయి. శ్రీచరణి దగ్గర ఆ బంతి ఉంది. తడబాటు లేకుండా వేస్తుంది కూడా.

ఆంధ్ర క్రికెట్ సంఘం (ఏసీఏ) వయోవిభాగ జట్ల నుంచి ఆమె సీనియర్ జట్టుకు వచ్చింది. ఆ దారి ఆమె కోసం కొత్తగా వేసింది కాదు. విజయవాడ వైపు నుంచి రావి కల్పన, సబ్బినేని మేఘన, విశాఖ నుంచి స్నేహ దీప్తి అంతకుముందే భారత్‌కు ఆడారు. రాయలసీమలో ఇంకో విశేషం ఉంది. కర్నూలు జిల్లా ఆదోనికి చెందిన అంజలి శర్వాణి ఎడమచేతి పేసర్, 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాపై భారత జట్టులోకి వచ్చింది. అనంతపురం జిల్లాకు చెందిన బారెడ్డి అనూష ఎడమచేతి స్పిన్నర్, 2023 జులైలో బంగ్లాదేశ్‌పై ఆడింది. మూడో పేరు శ్రీచరణి. మూడేళ్లలో సీమ నుంచి జాతీయ జట్టుకు ముగ్గురు ఎడమచేతి బౌలర్లు వెళ్లడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఒకప్పుడు ఆంధ్ర మహిళా క్రికెట్ అంటే కోస్తా పట్టణాలే గుర్తొచ్చేవి. ఆ లెక్క ఈ ముగ్గురితో మారిపోయింది.

వేలం

2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక దేశవాళీ మ్యాచులు చూసే కళ్లు పెరిగాయి. అంతకుముందు రాష్ట్ర జట్టులో బాగా ఆడినా సెలెక్టర్ల దృష్టిలో పడటానికి ఏళ్లు పట్టేది. ఇప్పుడు ఐదు ఫ్రాంచైజీల ప్రతినిధులు కొత్త పేర్ల కోసం వెతుకుతూ తిరుగుతున్నారు. 2024 డిసెంబరు 15న బెంగళూరులో జరిగిన వేలంలో శ్రీచరణి కనీస ధర 10 లక్షలు. ఢిల్లీ క్యాపిటల్స్ 55 లక్షలకు కొనుక్కుంది. 2023 తొలి వేలంలో అంజలి శర్వాణికి యూపీ వారియర్జ్ పెట్టిన ధర కూడా సరిగ్గా 55 లక్షలే.

ఆ సీజన్లో ఆమెకు దొరికినవి రెండే మ్యాచులు, తీసినవి నాలుగు వికెట్లు. అందులో రెండోది ముంబయి ఇండియన్స్‌తో ఫైనల్. ఢిల్లీ 8 పరుగుల తేడాతో ఓడింది. రెండు వికెట్లు తీసినా శ్రీచరణి ఆ రోజు పరుగులు ధారాళంగానే ఇచ్చుకుంది. సీజన్లో ఎక్కువ భాగం బెంచీ మీద కూర్చున్న కొత్త బౌలర్‌ను ఫైనల్లో దించడం చిన్న విషయం కాదు. ఆ నమ్మకం జాతీయ సెలెక్టర్లకు కూడా కనిపించింది.

కొలంబో, నాటింగ్‌హామ్

2025 ఏప్రిల్ 27న కొలంబో ప్రేమదాస స్టేడియంలో శ్రీలంకపై ఆమె తొలి వన్డే ఆడింది. శ్రీలంక, దక్షిణాఫ్రికా కూడా తలపడిన ఆ ముక్కోణపు సిరీస్‌ను భారత్ గెలుచుకుంది. కడప జిల్లా నుంచి భారత మహిళా జట్టులోకి వెళ్లిన తొలి క్రీడాకారిణిగా అప్పటికే జిల్లా ఎడిషన్లలో ఆమె ఫొటోలు వచ్చాయి. రాష్ట్రం మొత్తానికీ ఆమె పేరు తెలిసింది మాత్రం రెండు నెలల తర్వాత ఇంగ్లండ్‌లో.

జూన్ 28న నాటింగ్‌హామ్‌లోని ట్రెంట్‌బ్రిడ్జ్‌లో తొలి టీ20. స్మృతి మంధాన 112 పరుగులు చేసింది, అంతర్జాతీయ టీ20ల్లో ఆమెకు అదే తొలి సెంచరీ. భారత్ 210 చేసింది. ఇంగ్లండ్ 113కే కుప్పకూలింది. అరంగేట్రం చేసిన శ్రీచరణి 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. ఇంగ్లండ్ పిచ్‌లు వేసవిలో కూడా స్పిన్నర్లకు పెద్దగా కలిసిరావని ఒక అభిప్రాయం ఉంది. అక్కడ ఆమెకు పిచ్ కన్నా గాలి ఎక్కువ ఉపయోగపడింది. పైకి వేసిన బంతి గాల్లోనే కొంచెం లోపలికి జరిగి, పడ్డాక బయటికి పోతుంటే బ్యాటర్లు పాదం ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేకపోయారు. ఐదు మ్యాచుల సిరీస్‌ను భారత్ 3-2తో గెలిచింది. ఇంగ్లండ్‌లో ఇంగ్లండ్‌పై భారత మహిళలు ఒకటికి మించిన మ్యాచులున్న టీ20 సిరీస్ గెలవడం అదే మొదటిసారి. 10 వికెట్లు తీసిన శ్రీచరణి ప్లేయర్ ఆఫ్ ద సిరీస్. టీ20ల్లో అది ఆమెకు మొదటి సిరీస్.

ప్రపంచకప్

2025 సెప్టెంబరు 30న మొదలైన ప్రపంచకప్‌లో భారత్ తొమ్మిది మ్యాచులు ఆడింది. తొమ్మిదింటిలోనూ ఆమె ఉంది. 14 వికెట్లు తీసింది, ఓవరుకు ఐదు పరుగుల లోపే ఇచ్చింది. దీప్తి శర్మ 22 వికెట్లతో టోర్నీలోనే మొదటి స్థానంలో నిలిచింది కాబట్టి పతాక శీర్షికలు ఆమెవే అయ్యాయి, అవ్వాలి కూడా. శ్రీచరణి విలువ తెలియాలంటే మాత్రం ఆస్ట్రేలియాతో ఆడిన రెండు మ్యాచులు చూడాలి.

మొదటిది అక్టోబరు 12న విశాఖపట్నంలో. సొంత రాష్ట్రం, సొంత ప్రేక్షకులు. ఆ రోజే ఏసీఏ-వీడీసీఏ స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు రావి కల్పన పేరు పెట్టారు. భారత్ 330 చేసింది. ఆస్ట్రేలియా ఇంకా ఓవరు మిగిలి ఉండగానే కొట్టేసింది. కెప్టెన్ అలీసా హీలీ 142 పరుగులతో విరుచుకుపడింది. బౌలర్లందరికీ వాతలు పడిన ఆ మ్యాచులో శ్రీచరణి 10 ఓవర్లు వేసి 41 పరుగులే ఇచ్చింది. మిగతావాళ్ల బౌలింగ్‌లో ఓవరుకు ఏడుకు పైగా వస్తుంటే ఆమె ఓవరుకు వచ్చింది నాలుగు చిల్లర. ఫీబీ లిచ్‌ఫీల్డ్, అనాబెల్ సదర్లాండ్, చివరికి హీలీ, ముగ్గురూ ఆమెకే చిక్కారు. మ్యాచ్ పోయింది కాబట్టి ఈ స్పెల్‌ను జనం త్వరగానే మర్చిపోయారు. ఈ టోర్నీలో ఆమె వేసిన అతి మంచి బౌలింగ్ మాత్రం ఇదే.

రెండోది అక్టోబరు 30న నవీ ముంబయిలో సెమీ ఫైనల్. ఈసారి ఆస్ట్రేలియా 338 చేసింది. లిచ్‌ఫీల్డ్ 119, ఎలిస్ పెర్రీ 77, ఆష్లీ గార్డ్‌నర్ 63. శ్రీచరణి 10 ఓవర్లలో 49 ఇచ్చి బెత్ మూనీని, సదర్లాండ్‌ను పంపింది. ఆ మధ్య ఓవర్లలో ఆమె ఆ మాత్రం కట్టడి చేయకపోతే స్కోరు 360 దాటేదని అనుకోవచ్చు. జెమీమా రోడ్రిగ్స్ అజేయంగా 127 చేసి భారత్‌ను ఫైనల్‌కు తీసుకెళ్లిన ఆ ఛేదన తొమ్మిది బంతులు మిగిలి ఉండగా ముగిసింది. ఇంకో ఇరవై పరుగులుంటే ఆ కథ ఎటు పోయేదో చెప్పలేం.

ఈ ఐదు వికెట్లలో ఒక సాంకేతిక విశేషం కూడా ఉంది. లిచ్‌ఫీల్డ్, మూనీ ఇద్దరూ ఎడమచేతి బ్యాటర్లు. ఎడమచేతి స్పిన్నర్ బంతి ఎడమచేతి బ్యాటర్‌కు లోపలికి వస్తుంది, ఊపి కొట్టడానికి వీలుగా ఉంటుంది. అందుకే ఎడమచేతి బ్యాటర్ క్రీజులో ఉంటే కెప్టెన్లు ఎడమచేతి స్పిన్నర్‌ను దాచిపెట్టడం పాత అలవాటు. భారత కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్ శ్రీచరణిని దాచలేదు.

ఫైనల్లో భారత్ 298 చేసింది. దక్షిణాఫ్రికా ఓపెనర్లు 51 పరుగులు జోడించాక తజ్మిన్ బ్రిట్స్ రనౌట్ అయింది. అనెకె బాష్ వచ్చింది. ఆమె ఖాతా తెరవకముందే శ్రీచరణి ఎల్బీడబ్ల్యూగా వెనక్కి పంపింది. స్కోరు 62కు 2. తర్వాత లారా వోల్వార్ట్ సెంచరీ చేసినా దీప్తి 5 వికెట్లతో దక్షిణాఫ్రికాను 246కు ఆపింది. 52 పరుగుల గెలుపు. 2005లో, 2017లో ఫైనల్లో ఓడిన జట్టుకు కప్పు దక్కింది. ఆ జట్టులో మరో తెలుగు అమ్మాయి, హైదరాబాద్ పేసర్ అరుంధతి రెడ్డి కూడా ఉంది, తుది జట్టులో ఆడే అవకాశం మాత్రం రాలేదు.

తర్వాత

నవంబరు 7న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడును శ్రీచరణి కలిసింది. రాష్ట్ర ప్రభుత్వం 2.5 కోట్ల నగదు, గ్రూప్-1 స్థాయి ఉద్యోగం, కడపలో 1,000 గజాల ఇంటి స్థలం ప్రకటించింది. నవంబరు 27న జరిగిన మహిళల ప్రీమియర్ లీగ్ మెగా వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ ఆమెను మళ్లీ దక్కించుకుంది. ఈసారి 1.30 కోట్లు పెట్టాల్సి వచ్చింది.

కడపలో వైఎస్ రాజారెడ్డి పేరిట ఏసీఏ స్టేడియం ఉంది, రంజీ మ్యాచులు జరుగుతాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లాంటి చోట్ల ఆడపిల్లలు రోజూ నెట్స్‌లో బంతి వెయ్యడానికి టర్ఫ్ వికెట్లు, మహిళా కోచ్‌లు ఇంకా ఎక్కువ కావాలి. థర్మల్ కాలనీలో పెరగని పిల్లలకు కూడా ఆ వసతి అందాల్సిందే.

ప్రపంచకప్ తర్వాత భారత మహిళలు ఆడిన తొలి సిరీస్ 2025 డిసెంబరులో శ్రీలంకతో ఐదు టీ20లు. మొదటి రెండూ విశాఖలోనే జరిగాయి. డిసెంబరు 23న రెండో మ్యాచులో శ్రీచరణి 23 పరుగులిచ్చి 2 వికెట్లు తీసింది. శ్రీలంక 128 దగ్గర ఆగిపోయింది, భారత్ 7 వికెట్ల తేడాతో గెలిచింది. సిరీస్ 5-0.