పేరుపేరునా: వేసవి శిబిరాలూ పిల్లల భద్రతా నడిచిన దారి

స్టేషన్ ఘన్‌పూర్‌కు ఆ పేరు రైలు వల్ల వచ్చింది. నిజాం కాలంలో సికింద్రాబాదు నుంచి వరంగల్ మీదుగా వేసిన రైలుమార్గం 1889 నాటికి బెజవాడ చేరింది. ఆ దారిలో కాజీపేట ఇవతల ఉన్న స్టేషన్ ఊరి పేరులోనే కలిసిపోయి, చుట్టుపక్కల ఉన్న మిగతా ఘన్‌పూర్‌ల నుంచి దీన్ని వేరుచేసింది. 2016 అక్టోబరులో జనగామ జిల్లాలోకి మారినా వరంగల్‌తో అనుబంధం తెగలేదు. చుట్టూ పత్తి చేన్లు, వరి మళ్లు, చిల్పూరు గుట్ట, దేవాదుల నీళ్లతో నిండే రిజర్వాయర్.

ఈ ఊళ్లో ఏప్రిల్ ఆఖర్లో బడికి తాళం పడితే మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. ఆ ఏడు వారాలు పిల్లలు ఏం చేస్తారు, ఎవరి కనుసన్నల్లో ఉంటారు అన్న ప్రశ్నకు ప్రతి తరమూ తనకు తోచిన జవాబు చెప్పుకుంది. వేసవి శిబిరం అందులో ఒకటి. దాని చరిత్ర తిరగేస్తే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. ప్రతి బిడ్డా ఒక బాధ్యత గల పెద్దకు పేరుతో సహా తెలిసిన చోట శిబిరం నిలబడింది. ఆ ఎరుక కొరవడిన చోట పిల్లలు నష్టపోయారు, ఒక్కోసారి ప్రాణాలే పోయాయి.

మోటబావి గట్టు మీద

తెలంగాణ పల్లెలో ఎండకాలం తాతీళ్లంటే మోటబావుల కాలం. ఈత రాని పిల్లవాడి వీపుకు బెండ్లు కట్టి, నడుముకు తాడు బిగించి, ఆ తాడు కొస పట్టుకొని మామో పెద్దన్నో గట్టు మీద కూర్చునేవాడు. చేతులూ కాళ్లూ ఆడించడం వచ్చాక ఒక్కో బెండూ తీసేవారు. చివరికి తాడూ విప్పేవారు. ఒంటరిగా బావిలో దిగొద్దు, లోతు తెలియని నీళ్లలో దూకొద్దు అన్న కట్టడి ఎవరూ రాసిపెట్టకపోయినా ఊరంతటికీ తెలుసు.

ఈ రక్షణ మాత్రం అందరికీ అందలేదు. ఆడపిల్లలకు బావి గట్టు దూరం. కులం పేరుతో కొన్ని బావులు కొందరికి మూసి ఉండేవి. పేదింటి పిల్లలకైతే అసలు తాతీళ్లే లేవు. బర్లు కాయడానికో, ఆసామి ఇంట్లో జీతం ఉండడానికో, మిరపకాయలు ఏరడానికో వెళ్లిన బిడ్డ వేసవి గడిచినా తిరిగి బడికి వచ్చేది అనుమానమే. మన గడ్డ మీద శిబిరం చరిత్ర రాసేటప్పుడు ఈ పిల్లల్ని పక్కన పెట్టి రాయలేం.

గుడారాలు, దళాలు

చదువుకునే పిల్లల్ని ఊరికి దూరంగా గుడారాల్లో ఉంచి నేర్పే పద్ధతి అమెరికాలో 1861 నుంచే కనబడుతుంది. కనెక్టికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే బడిపంతులు తన విద్యార్థులను బయటికి తీసుకెళ్లి విడిది చేయించాడు. ప్రపంచమంతా అనుసరించిన నమూనా మాత్రం 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ నడిపిన శిబిరం. సుమారు ఇరవై మంది పిల్లల్ని ఆయన నాలుగు దళాలుగా విడగొట్టి, ఒక్కో దళానికి ఒక నాయకుణ్ని పెట్టాడు. తన దళంలో ఎవరు ఎక్కడున్నారో చెప్పవలసిన పూచీ ఆ నాయకుడిదే.

ఆ శిబిరంతో మొదలైన స్కౌటింగు తన తొలి గట్టి దెబ్బ తిన్నది అయిదేళ్లకే. 1912 ఆగస్టులో ఇంగ్లండులోని లేస్‌డౌన్ తీరంలో గాలివానకు పడవ తిరగబడి తొమ్మిది మంది పిల్లలు మునిగిపోయారు. వాళ్లు శిబిరానికి వెళ్తున్నవాళ్లు, ఇంకా చేరనైనా లేదు. శిబిరంలో ఎంత కట్టుదిట్టం ఉన్నా ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకోకపోతే అంతా వృథా అన్న పాఠం ఇప్పటికీ పాతబడలేదు.

మన దేశంలో అనిబిసెంటు, అరండేల్ 1917లో మద్రాసు కేంద్రంగా భారతీయ బాలల కోసం స్కౌటు సంఘం పెట్టారు. మరుసటి ఏడు మదనమోహన మాలవీయ అండతో సేవాసమితి స్కౌట్లు వచ్చారు. వేర్వేరు సంఘాలు 1950 నవంబరు 7న కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. ఈ నడుమ తెలుగునాట వేసవి బడికి మరో రూపం కూడా కనబడింది. 1937లో ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో సోషలిస్టులు యువకులకు రాజకీయ వేసవి పాఠశాల పెడితే ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

పసిపిల్లల ఆటపాటలకు పెద్దపీట వేసినవారు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. మద్రాసు రేడియోలో ‘రేడియో అన్నయ్య’, ‘అక్కయ్య’గా పేరుపడి, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చి, ఆ తర్వాత హైదరాబాదు చేరి బాలానంద సంఘాన్ని పెంచారు. పిల్లల్ని పేరు పెట్టి పిలవడం, మైకు ముందు నిలబెట్టి మాట్లాడించడం వాళ్ల పద్ధతి. 1956లో నెహ్రూ ప్రోత్సాహంతో ఢిల్లీలో మొదలైన బాలభవన్ ఒరవడి హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ దాకా వచ్చింది. ఇవన్నీ మంచి పనులే. అయితే వీటి ఫలం ఎక్కువగా పట్నం పిల్లలకు దక్కింది.

జీతం నుంచి బడికి

పల్లె పిల్లలకు శిబిరం మరో దారిలో వచ్చింది. 1971లో పి.వి. నరసింహారావు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాలకు పునాది వేశారు. గురుకులాలూ సంక్షేమ వసతిగృహాలూ పెరిగేకొద్దీ పేద పిల్లలు ఇల్లు విడిచి ఒకచోట ఉండి చదువుకోవడం అలవాటైంది. ఆ భవనాలు మాత్రం ప్రతి వేసవిలో ఖాళీగా పడి ఉండేవి.

శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లాలో వెట్టిలోనూ జీతాల్లోనూ ఉన్న పిల్లలతో పని మొదలుపెట్టింది. కార్యకర్తలు ముందు ఇల్లిల్లూ తిరిగి, బడికి వెళ్లని ప్రతి బిడ్డ పేరూ రాసుకున్నారు. తర్వాత తల్లిదండ్రుల దగ్గర, యజమానుల దగ్గర కూర్చుని ఒప్పించారు. ఆ పిల్లల్ని శిబిరాలకు తెచ్చాక వెంటనే పలక చేతికివ్వలేదు. పాటలు, ఆటలు, కథలు, ఊరి ముచ్చట్లతో భయం పోగొట్టి, ఆపైన అక్షరాల్లోకి దించారు. నేర్పేవాళ్లు చాలామంది తమ ఇళ్లలో తొలిసారి చదువుకున్న యువతీయువకులు. తల్లులు ఎప్పుడైనా వచ్చి బిడ్డను చూసుకోవచ్చు. ఆలూరులో బాలికల కోసం ప్రత్యేకంగా నడిపిన శిబిరం బాల్యవివాహాలను తప్పించుకున్న ఎందరో ఆడపిల్లలకు ఆసరా అయింది. వయసుకు తగిన తరగతిలో చేర్చే ఈ వారధి శిబిరాలకు శాంతా సిన్హా పేరు ముడిపడిపోయింది. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది.

1990ల చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘బ్యాక్ టు స్కూల్’ పేరుతో ఇదే దారి పట్టింది. వేసవిలో ఖాళీగా ఉండే వసతిగృహాల్లోనే బడిబయటి పిల్లలకు శిబిరాలు పెట్టి, జూన్‌లో వాళ్లను బడుల్లో చేర్చింది. స్టేషన్ ఘన్‌పూర్ లాంటి పత్తి ప్రాంతాలకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. పని చేసే బిడ్డకు వేసవి అంటే విరామం లేని కాలం. ఆకలి సంగతి ఆ తర్వాత చర్చకు వచ్చింది. కరువు ప్రాంతాల్లో సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

శిబిరం అనుభవం చట్టమయింది

జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం 2007లో ఏర్పడితే తొలి అధ్యక్షురాలు శాంతా సిన్హాయే. 2009 విద్యాహక్కు చట్టంలోని నాలుగో సెక్షను, బడి మానేసిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటుంది. దానికి వ్యవధి మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా ఉండొచ్చు. రంగారెడ్డి పల్లెల్లో పుట్టిన వారధి శిబిరాల వంటి ప్రయత్నాల సారమే అది. పదిహేడో సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ మనసు నొప్పించడాన్నీ నిషేధించింది.

భవనాల భద్రతకు తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో జరిగిన విషాదం మేలుకొలుపు అయింది. 2004 జూలై 16న అక్కడి బడిలో అంటుకున్న మంటల్లో 94 మంది పిల్లలు చనిపోయారు. 2009లో సుప్రీంకోర్టు బడుల్లో అగ్నిమాపక ఏర్పాట్లు తప్పనిసరి అని తీర్పిచ్చింది. 2012 నవంబరు 14న పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. బిడ్డ మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోవడం ఆ చట్టం ప్రకారం నేరం. సంస్థ పెద్ద ఊరుకుంటే శిక్ష ఏడాది దాకా ఉంటుంది. శిబిరం పరువు పోతుందని గుట్టు కప్పిపుచ్చే రోజులకు చట్టం తెరదించింది.

2014: ఒకే వేసవి, రెండు కబుర్లు

భద్రత అంటే ఏమిటో 2014 వేసవి తెలుగువాళ్లకు రెండు విధాలుగా చూపించింది. మే 25న మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్ల శిక్షణ మొదలైంది భువనగిరి గుట్ట మీద, అంటే స్టేషన్ ఘన్‌పూర్ నుంచి హైదరాబాదు వెళ్లే రైలు కిటికీలోంచి కనబడే ఆ ఏకశిల మీదే. అక్కడి నుంచి డార్జిలింగ్, లద్దాఖ్ మీదుగా ఒక్కో మెట్టూ దాటుకుంటూ వెళ్లారు. ప్రతి మెట్టు దగ్గరా దమ్ము చూశారు, ఆరోగ్యం చూశారు. సరిపోనివాళ్లను ఆపేశారు.

జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్ మండీ జిల్లాలో బియాస్ నదిలో హైదరాబాదు ఇంజినీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. విహారయాత్రలో ఫొటోల కోసం నదిలోని బండల మీద దిగినప్పుడు, పైన ఉన్న లార్జీ ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారు. తర్వాత హిమాచల్ హైకోర్టు నష్టపరిహారం బాధ్యతను ఆనకట్ట నిర్వాహకుల మీదే కాక, విద్యార్థులను తీసుకెళ్లిన విద్యాసంస్థ మీదా మోపింది.

ఎనిమిదివేల మీటర్ల పైన మంచులో ఇద్దరు పిల్లలు క్షేమంగా దిగివచ్చిన పక్షం రోజులకే, రోడ్డు పక్కన నదిలో ఇంతమంది పోయారు. ప్రమాదం ఎంత పెద్దదన్నదాని కన్నా దానికి ఎంత ముందుగా సిద్ధపడ్డామన్నదే ప్రాణాలను నిలబెడుతుంది. ఎవరెస్టు దారిలో ప్రతి గండం గురించీ ముందే ఆలోచించినవాళ్లున్నారు. బియాస్ ఒడ్డున ఆ పైనున్న ఆనకట్ట సంగతి అడిగి తెలుసుకున్నవాళ్లు లేకపోయారు.

ఇప్పుడు ఇక్కడ శిబిరం పెట్టాలంటే

ఈ చరిత్ర అంతా స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక బడి ఆవరణకు తెచ్చి చూద్దాం. పని మార్చిలోనే మొదలవ్వాలి. మొదటి కాగితం పేర్ల పట్టిక. బిడ్డ పేరు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు, ఉబ్బసమో మూర్ఛో ఉందా, ఏ మందు పడదు, సాయంత్రం ఇంటికి ఎవరు తీసుకెళ్తారు అన్నవన్నీ అందులో ఉండాలి. బడి మానేసే ప్రమాదం ఉన్న పిల్లల పేర్లు ముందు వరసలో రాయాలి. పది మందికి ఒక పెద్ద చొప్పున పంచి, ఆ పదిమంది పేర్లూ ఆ పెద్దకు నోటికి రావాలి. బయల్దేరేటప్పుడు, చేరినప్పుడు, పడుకునే ముందు పేర్లు పిలిచి హాజరు తీసుకోవాలి. తలలు లెక్కపెట్టడం చాలదు. ఎవరు లేరో తలల లెక్క చెప్పదు.

ఎండ సంగతి మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. అందుకని ఆటలు పొద్దున పది లోపల, మళ్లీ సాయంత్రం చల్లబడ్డాకనే. మిట్టమధ్యాహ్నం నీడపట్టున కథలు, బొమ్మలు, పాటలు. దాహం వేసేదాకా ఆగకుండా గంటగంటకూ నీళ్లు తాగించాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపొచ్చు. చెంచాలు తలకొట్టి కొలవాలి. ఒళ్లు కాలిపోతూ బిడ్డ తికమకగా మాట్లాడితే నీడలోకి చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ విసరాలి, ఆలోపే 108కి ఫోను చేయాలి. స్పృహ లేని బిడ్డ నోట్లో నీళ్లు పోయకూడదు.

చల్లదనం కోసం తెచ్చిన ఇనుప కూలరే షాక్ కొట్టి పిల్లల ప్రాణం తీసిన ఘటనలు ప్రతి వేసవిలో వింటున్నాం. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించందే దాన్ని ఆన్ చేయొద్దు, నీళ్లు పోసేటప్పుడు ప్లగ్ తీసేయాలి. రాత్రి ఉంచుకునే శిబిరమైతే పిల్లల్ని నేల మీద పడుకోబెట్టకూడదు. కట్లపాము తిరిగేది రాత్రుళ్లే, దాని కాటు నొప్పి కూడా తెలియదు. మంచం, దోమతెర కావాలి. కాటు పడితే కట్లు కట్టడం, ఆకు పసర్లు పోయడం మాని, అటు జనగామో ఇటు వరంగల్ ఎంజీఎమ్మో, దగ్గరి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. రిజర్వాయర్ కట్ట మీదికి విహారం పెట్టుకోకపోవడమే మేలు. రాతికట్ట జారుతుంది, కింద ఒండ్రు ఎంతుందో పైనుంచి కనబడదు. ఈత నేర్పాలనుకుంటే లోతు తెలిసిన కొలను, ఈత వచ్చిన పెద్ద, నడుముకు తాడు ఉండాల్సిందే.

మనుషుల విషయంలో కూడా అంతే జాగ్రత్త అవసరం. వచ్చే శిక్షకుల గురించి ముందే విచారించాలి. ఏ పెద్దా ఒక బిడ్డతో తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఆడపిల్లలున్న చోట రాత్రీపగలూ మహిళా కార్యకర్తలు ఉండాలి. నచ్చనిదేదైనా జరిగితే ఎవరికి చెప్పాలో, బాలల సహాయ నంబరు 1098 దేనికో మొదటి రోజే పిల్లలకు విడమరచి చెప్పాలి.

ఇవాళ వేసవి శిబిరం పట్నాల్లో ఫీజు కట్టి చేర్పించే వ్యాపారంగా మారుతోంది. కొన్నిచోట్ల వచ్చే ఏడాది పాఠాలను ముందే రుద్దే ట్యూషను అవుతోంది. అది మన శిబిరాల వారసత్వం కాదు. ఈ నేల మీద శిబిరం వెట్టి నుంచి బిడ్డను విడిపించింది, ఖాళీ వసతిగృహాన్ని బడిగా మార్చింది, దేశానికి చట్టం రాసుకునేందుకు అనుభవం ఇచ్చింది. ఆ స్థాయిని నిలబెట్టుకోవాలంటే ప్రభుత్వం ఖర్చు పెట్టాలి, ఉపాధ్యాయులకు తగిన గౌరవభత్యం ఇవ్వాలి, ఊరు తన వంతు పూచీ తీసుకోవాలి. జూన్‌లో బడి తెరిచిన రోజున, మార్చిలో రాసుకున్న పట్టికలోని ప్రతి పేరుకూ ‘హాజర్’ అన్న జవాబు రావాలి. శిబిరం నెగ్గిందా లేదా అన్నది ఆ ఒక్క పరీక్షతోనే తేల్చాలి.