గోడ దాటని వార్త

నేడు నేను చెప్పబూనిన చరిత్ర రాజులది కాదు, గోడలది. తీగ లేకయే మాటలును, బొమ్మలును, బడిపాఠములును ఇప్పుడు మన యిండ్లకు వచ్చుచున్నవి. అయితే వీధి వసారాలో చక్కగా అందు వార్త పెరటి గదిలోనికి పోదు. ఎందుకు పోదో తెలియవలెనన్న నూటముప్పది యేండ్లు వెనుకకు నడువవలెను. దానికి ముందు మా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి మూలమున బడులు మూతపడగా, పట్నములో చదువుచున్న మా మనుమరాలు మా గ్రామమునకు వచ్చినది. పాఠములన్నియు తెరమీదనే. మాది మండువా లోగిలి. మట్టిగోడలు మూరెడు మందము. ఇంటర్నెట్టు పెట్టెను, దానినే రౌటరందురు, వీధి వసారాలో ఇనుప బీరువా ప్రక్కన పెట్టించితిని. వెల పెట్టి కొన్న వస్తువు వచ్చిపోవు వారి కంట పడవలెనని నా యభిప్రాయము. "తాతగారూ, మాస్టారి మాట మధ్యలో తెగిపోవుచున్నది" అని ఆ పిల్ల పెరటి గదినుండి పలుమారు మొరపెట్టుకొన్నను, చదువు తప్పించుకొను సాకని తలచి మందలించితిని. ఒకనాటి పరీక్షలో ఆమె వ్రాసిన జవాబులు అవతలికి చేరలేదు. హాజరు కాలేదని పట్టీలో పడినది. ఆ రాత్రి ఆ పిల్ల అన్నము తినలేదు. నాకును సహింపలేదు.

ఇక చరిత్రకు వత్తము. జర్మనీ దేశములో హైన్‌రిఖ్ హెర్ట్జ్ అను పండితుడు 1887, 1888 సంవత్సరములలో విద్యుత్తరంగములను పుట్టించి చూపెను. అవి కొయ్య తలుపును దాటిపోయినవి. తుత్తునాగపు రేకును తాకి వెనుకకు మరలినవి. ఇనుప బీరువా ప్రక్కన పెట్టె పెట్టరాదని నాకు తెలియుటకు ఆ ప్రయోగ మొక్కటియే చాలియుండును. 1895లో కలకత్తా టౌనుహాలునందు మన జగదీశచంద్ర బోసుగారు గోడల కావల నున్న గంటను తీగ లేకయే మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చి సభవారిని విస్మితులను గావించిరి. ఆయన వాడినవి మిక్కిలి పొట్టి తరంగములు, అంగుళమునకు లోబడినవి.

తెలివిగల శ్రోత యిక్కడ నన్నాపును. బోసుగారి తరంగము గోడను దాటగా, మన యింటి తరంగమునకేమి రోగము? అది కూడ దాటును. కాని దాటిన కొలది నీరసించును. గంట మ్రోగుటకు ఒక్క తాకుడు చాలును. బడిపాఠము అట్టిది కాదు. క్షణమునకు లక్షల కొలది గుర్తులు ఒకదాని వెంట నొకటి తప్పక చేరవలెను. నీరసించిన తరంగము ఒకటి రెండు గుర్తులను జారవిడువగా పెట్టె వానిని మరల మరల పంపుచుండును. మాస్టారి మాట తెగుట అంతియే.

బోసుగారి తరువాత లోకము పొడుగు తరంగముల వెంట పోయినది. 1901లో మార్కొనీ అట్లాంటికు సముద్రమును దాటించినవి అట్టివే. నా చిన్నతనమున మా తండ్రిగారు మిద్దెపై రెండు వెదురుగడలు నాటించి, వాని నడుమ రాగితీగ కట్టించి రేడియో వినెడివారు. దానికి తపాలా కచేరీలో ఏటేట లైసెన్సు రుసుము కట్టెడివారు. 1948 డిసెంబరు 1న ఆరంభమైన విజయవాడ కేంద్రమును మనము పెక్కేండ్లు 837 కిలోహెర్ట్జులపై వింటిమి. ఆ తరంగము పొడవు 358 మీటర్లు. అంతటి దానికి మన యిల్లు ఏటి వెల్లువలో గులకరాయి; చుట్టుకొని పోవును.

మరి మన పెట్టె తరంగము పొడవు ఐదంగుళములు. వీని కీ పొట్టితనము వచ్చిన కథ వినదగినది. 1985లో అమెరికా ప్రభుత్వమువారు, వంట పొయ్యిలు మొదలగువాని కొరకు విడిచిన కొన్ని తరంగములను, లైసెన్సు లేకయే వార్తలకు వాడుకొనవచ్చుననిరి. ఒక విధముగా అది ఊరి బంజరు. ఎవరైనను పశువులను తోలుకొనవచ్చును, కాని కోట కట్టరాదు. అనగా బలము స్వల్పముగా నుండవలెను. మన దేశములో ఐదంగుళముల తరంగములకు ఆ స్వేచ్ఛ 2005లో లభించినది.

అయినను చిక్కు తీరలేదు. గదిలో తరంగము గోడలను తాకి తాకి మరలును. పెద్ద మండపములో బిగ్గరగా మాటాడిన ప్రతిధ్వనులు కలిసి ఏ మాటయు తెలియనట్లగును. ఆస్ట్రేలియాలో జాన్ ఓ సల్లివాన్ అను ఆయన మొదట ఆకాశమందలి కృష్ణబిలముల సవ్వడిని వెదకినవాడు. ఆ వెదకులాటలో అలవడిన గణితమును ఆయనయు తోడివారును ఈ గదిలోని ప్రతిధ్వనులపై ప్రయోగించి, వార్తను పలు సన్నని పాయలుగా చీల్చి పంపు ఉపాయము కనిపెట్టిరి. 1996లో దానికి అమెరికా పేటెంటు లభించినది. వైఫై అను పేరు 1999లో వచ్చినది. నక్షత్రములకై పుట్టిన విద్య మా పెరటి గదికి పనికివచ్చుట నాకెంతయో వింతగా తోచును.

ఇప్పుడు మా పెట్టెకు వత్తము. మొదట తొందరపడి, అందిన వార్తను మరల పలుకు చిన్న యంత్రమొకటి కొని పెరటి గదిలోనే తగిలించితిని. అక్కడ వార్తయే లేదు. తాను విననిది అదేమి వినిపించును? పిమ్మట రౌటరును బీరువా ప్రక్కనుండి తీయించి, మండువా నడిమి స్తంభమునకు మనిషి యెత్తున, వాన తగులని చోట కట్టించితిని. నాలుగు దిక్కుల గదుల తలుపులును మండువాలోనికే తెరచుకొనును గనుక తరంగమునకు గోడలకన్న గుమ్మములే యెక్కువ దొరకినవి. ఈ పెట్టెలలో రెండంగుళముల తరంగము కూడ కలదు. అది వేగము గలదే కాని గోడయెదుట త్వరగా అలసిపోవును. దానిని మండువాకే విడిచి, లోపలి గదులకు ఐదంగుళముల దానిని వాడుమంటిని. పెరటి గోడ వానకు తడిసి మరింత మొండికెత్తగా, వాసముల వెంబడి తీగ లాగించి ఆ గదిలో రెండవ పెట్టె పెట్టించితిని. తీగలేని వార్తకు తుదకు తీగయే దిక్కైనది.

పోయిన పరీక్షను తిరిగి పెట్టుటకు బడివారు సమ్మతింపలేదు. తరువాతి పరీక్షను ఆమె పెరటి గదిలోనే కూర్చుండి వ్రాసినది. ఆ మూడు గంటలును నేను మండువాలో పెట్టె ప్రక్కన కుర్చీ వేసికొని, ఇత్తడి గంగాళములతో ఎవ్వరును అటు రాకుండ కాపు కాచితిని.