వంశావళి సాఫ్ట్‌వేరులు: పాతక్రొత్త కూర్పుల తారతమ్యము

వంశక్రమమును లిఖించుట ప్రాచీనకృత్యమే యైనను, ఆ కార్యమును కంప్యూటరున కప్పగించుట ఇటీవలి మాట. 1984లో లేటర్ డే సెయింట్స్ క్రైస్తవసంఘమువారు పర్సనల్ ఆన్సెస్ట్రల్ ఫైల్ అను సాఫ్ట్‌వేరును, ఒకదానియందలి వివరములను మఱియొకదానికిఁ జేర్చుటకై జెడ్‌కామ్ అను లేఖనపద్ధతిని వెలయించిరి. నాఁటినుండి ఇట్టి సాధనములు పెక్కులు పుట్టి, కూర్పుపైఁ గూర్పు వెలువడుచున్నవి. క్రొత్తకూర్పు పాతదానికంటె మేలా యని విచారించువారు తఱచుగా వేగమునే ప్రమాణముగాఁ గొందురు. అది యొక్కటియే చాలదు.

వేగవిషయమున గ్రాంప్స్ చరిత్ర మంచి యుదాహరణము. 2001లో ఆరంభింపఁబడిన యీ యుచితసాధనము తొలుత వంశవృక్షమునంతయు కంప్యూటరు జ్ఞాపకమునఁ బెట్టుకొని పనిచేసెడిది. వృక్షము పెరిగినకొలఁది భారమును పెరిగెడిది. తరువాత బర్క్‌లీ డేటాబేసును, 2019 నాఁటి 5.1 కూర్పున ఎస్‌క్యూలైటును దానికి ఆధారములైనవి. అయినను ప్రతివ్యక్తి వివరములును ఒక మూటగాఁ గట్టఁబడి యుండుటచేత, జన్మసంవత్సర మొక్కటి కావలసినను మూటనంతయు విప్పవలసియుండెను. 2025లో వచ్చిన 6.0 కూర్పు ఆ మూటలకు మాఱుగా జేసన్ రూపము నవలంబించెను. డేటాబేసు తానే లోపలి యంశములను జూడఁగలుగుటచే వడపోఁతలు త్వరితమైనవి.

ఇఁక పోల్చు విధము. తాళపత్రప్రతులను సరిచూచు పండితుఁడు ఒకే పద్యమును రెండు ప్రతులయందును జూచునట్లు, ఇచ్చటను ఒకే వంశావళిని, ఒకే యంత్రముపై, ఒకే పనికి నియోగింపవలెను. రెండవమాఱు చేసిన పని మొదటిదానికంటె త్వరగా ముగియుట సహజము గావున ప్రతిపనిని పలుమాఱులు చేసి చూడవలెను. అంతకంటె ముఖ్యము ఫలమును సరిచూచుట. తన కెఱుకలేని యంశములను విడిచిపెట్టి శీఘ్రముగా ముగించిన కూర్పు వేగముగలది కాదు, లోపముగలది. వ్యక్తుల, కుటుంబముల, ఆధారముల సంఖ్యలు ముందును వెనుకను సమానముగా నున్నప్పుడే కాలగణనము సార్థకము.

తెనుఁగువారికి లిపి మఱియొక పరీక్ష. పాతజెడ్‌కామ్‌నకు ముఖ్యాధారమైన ఆన్సెల్ అను అక్షరసంకేతము లాటిన్‌లిపి కేర్పడినది. అందుఁ దెలుఁగక్షరములు లేవు. 1999లో చిత్తుప్రతిగా వెలువడి 2019లో ప్రామాణ్యముఁ బొందిన 5.5.1 కూర్పు యూనికోడ్ రూపమైన యూటీఎఫ్-8ను చేర్చెను. 2021 నాఁటి 7.0 కూర్పు దానినే యేకైకమార్గముగా విధించి, పంక్తికి 255 అక్షరము లను పూర్వపు పరిమితిని తొలఁగించెను. ఇంటిపేరును గీఁతలనడుమ గుర్తించి పేరునకు ముందే నిలుపుట కీ పద్ధతి యెడమిచ్చుచున్నది. గోత్రమునకు మాత్రము ప్రత్యేకసంజ్ఞ లేదు. దానిని వ్యాఖ్యగా వ్రాసికొనవచ్చును, కొత్తసంజ్ఞను కల్పించుకొననువచ్చును. అట్లు కల్పించిన సంజ్ఞను వేఱొక సాఫ్ట్‌వేరు గ్రహింపకపోవచ్చును.

పాతకూర్పునే యాశ్రయించి యుండుటయు క్షేమము గాదు. పర్సనల్ ఆన్సెస్ట్రల్ ఫైల్ 2013లో విరమింపఁబడెను. దానిని నమ్మినవారు తమ వంశావళులను అన్యసాధనములకుఁ దరలించుకొనవలసివచ్చెను. క్రొత్తదానికిఁ బోవుటయు తిరుగులేని యడుగు: నూతనకూర్పు మార్చిన గ్రాంప్స్ డేటాబేసును పాతకూర్పు తెఱవఁజాలదు. కావున మార్పునకు ముందే విడిప్రతిని భద్రపఱచుట యావశ్యకము.

క్షణముల లెక్కలో వెనుకఁబడిన కూర్పు నేఁడు కాకున్న ఱేపైనను పని ముగించును. జాఱిపోయిన ముత్తవ్వపేరును మాత్రము, అది వేఱొకచోట వ్రాయఁబడి యుండనియెడల, ఏ కూర్పును మరలఁ దేఁజాలదు. వంశావళి సాధనముల తారతమ్యమును నిర్ణయించునప్పుడు సమగ్రత మొదటిదిగను, వేగము రెండవదిగను గణింపఁదగియున్నవి.