లోపలికి వెళ్లాక ఏమవుతుంది?

1950ల చివర్లో అమెరికాలో మెదడు పరిశోధకుడు సేమూర్ కెటీకి ఒక అనుమానం వచ్చింది. స్కిజోఫ్రీనియా రోగుల్లో అడ్రినలిన్ వేరే దారిలో విరుగుతోందా? తేల్చాలంటే అణువుకు గుర్తు పెట్టి శరీరంలోకి పంపాలి. అప్పటికి చేతిలో ఉన్నది కార్బన్-14. దాని అర్ధాయువు 5,730 ఏళ్లు. అంత నిదానంగా క్షీణించేది వెలువరించే సంకేతం, ప్రమాదం లేని చిన్న మోతాదులో యంత్రానికి అందదు. హైడ్రోజన్‌కే రేడియోధార్మిక రూపమైన ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లే కాబట్టి అణువుకు ఒక్కటి చేర్చినా రేడియోధార్మికత సుమారు 460 రెట్లు వస్తుంది. కొండపల్లిలో తెల్లపొణికి బొమ్మకు రంగు వేసినా ఆకారం మారనట్టే, హైడ్రోజన్ స్థానంలో ట్రిటియం చేరినా అణువు రూపం మారదు. కెటీ అలాంటి అడ్రినలిన్, నారడ్రినలిన్ తయారు చేయించి, కొంత తోటి శాస్త్రవేత్త జూలియస్ ఆక్సెల్‌రాడ్‌కు ఇచ్చాడు.

అసలు మలుపు అక్కడ వచ్చింది. ఆక్సెల్‌రాడ్, ఆయన సహచరులు హెర్టింగ్, విట్బీ కలిసి పిల్లి మెడలో ఒకవైపు నాడీ ముడిని తీసేశారు. ఆ వైపు నాడులు క్షీణించాక ట్రిటియం నారడ్రినలిన్‌ను రక్తంలోకి ఎక్కించారు. నాడులు బాగున్న వైపు కంటిలో, లాలాజల గ్రంథిలో అది పోగుపడింది. రెండో వైపు దాదాపు ఏమీ లేదు. నాడి తాను వదిలిన రసాయనాన్ని తానే తిరిగి లాక్కుంటుందని 1961లో అలా తేలింది. అలా లాక్కునే తలుపునే కొకైన్ మూస్తుందనీ వాళ్లే చూపించారు. ఆక్సెల్‌రాడ్‌కు 1970లో నోబెల్‌లో భాగం దక్కింది.

అయితే నాడులు వదిలే ప్రతి రసాయనానికీ, అంటే ప్రతి న్యూరోట్రాన్స్‌మిటర్‌కూ ఇదే పద్ధతి పనికిరాదు. అసిటైల్‌కోలిన్‌ను బయటే ఎంజైము చీల్చేస్తుంది, నాడి లాక్కునేది కోలిన్‌ను. అందుకే అక్కడ గుర్తు కోలిన్‌కే పెట్టాలి. డోపమైన్, సెరటోనిన్ వాడితే విరిచే ఎంజైమును ఆపే పార్జిలిన్, గాలికి పాడవకుండా విటమిన్ సి కలుపుతారు. గ్లుటమేట్‌తో పేచీ ఇంకా ఎక్కువ. లోపలికి వెళ్లగానే గ్లుటమిన్‌గానో, గాబాగానో మారిపోతుంది. ఆ గుర్తు ఇక దేనిమీద ఉందో చెప్పలేం. అదే తలుపున లోపలికి వెళ్లి, మార్పు చెందకుండా ఉండే డి-ఆస్పార్టేట్‌ను అందుకే ఎంచుకుంటారు. నా దృష్టిలో ఈ ఎంపికలన్నిటిలోకీ తెలివైనది ఇదే.

మన దగ్గర ఈ దారిలో నడిచినవాళ్లు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు. కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో అమోనియా పెరుగుతుంది, మెదడు మసకబారుతుంది. అమోనియా పెరిగిన ఎలుకల చిన్నమెదడు గ్లుటమేట్, ఆస్పార్టేట్‌లను ఎలా లాక్కుంటోంది, ఎలా వదులుతోంది అన్నది వి.ఎల్. రాఘవేంద్రరావు, సిహెచ్.ఆర్.కె. మూర్తి పరిశీలించి 1991లో ప్రచురించారు.

విజయవాడ చుట్టుపక్కల కాలేజీల్లో జీవరసాయనం చదివే పిల్లలూ, రావు, మూర్తిల పత్రాన్ని, 1961 నాటి పిల్లి ప్రయోగాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవండి.